పిన్ని రేటు పెంచిన వారం

ఆ వీధిలో ఆవిణ్ని అందరూ పిన్ని అనే పిలుస్తారు. పోస్టుమాన్ పిన్ని అంటాడు, పోస్టుమాన్ వాళ్ల నాన్న కూడా పిన్ని అనే అంటాడు. వావివరసలు చూడబోతే ఎక్కడా అతకవు గానీ, ఇస్త్రీ బట్టల కోసం వచ్చేవాళ్లకి వావివరసలతో పనేముంది. కన్నతల్లికి చూపించని చిరుగులు ఆవిడకి చూపిస్తారు. చంక దగ్గర చెమట మరక, జేబు అడుగున సిరా మరక, గుండీ ఊడిన చోట పెట్టుకున్న పిన్నీసు, అన్నీ ఆవిడకి తెలుసు. తెలిసినట్టు మాత్రం మొహంలో కనిపించనివ్వదు.

కొట్టు వెడల్పు రెండు బారలకి మించదు. నాలుగు మడతలేసిన కంబళి, దాని మీద తెల్లగుడ్డ పరిచిన బల్ల ఒకటి. బల్ల వెనక ఇనపకడ్డీకి వరసగా వేలాడే కోట్లు, చొక్కాలు. ప్రతి కాలరు లోపలా రంగుదారంతో రెండో మూడో కుట్లు, ఏది ఎవరిదో పోల్చుకోడానికి. వెనక దొడ్లో ఆయన, అంటే పిన్ని మొగుడు, బట్టలు ఉతుకుతాడు. ఆయన ఏడాదికి మూడు మాటలే మాట్లాడతాడని వీధిలో చెప్పుకుంటారు. అది అన్యాయం. అయిదారైనా ఉంటాయి.

పిన్ని చొక్కా ఇస్త్రీ చేస్తుంటే చూసి తీరాలి. ముందు కాలరు, అదీ కొసల నుంచి మధ్యకి, లేకపోతే కొసల దగ్గర ముడత ఉండిపోతుంది. ఆ తర్వాత ముంజేతి పట్టీలు, చేతులు, భుజాలు, వీపు. ఎదర భాగం ఆఖరున. గుండీల సందుల్లోకి ఇస్త్రీపెట్టె ముక్కు దూర్చి ఒక్క తిప్పు తిప్పుతుంది, చూసేవాళ్లకి ఏం చేసిందో తెలియదు, చొక్కా మాత్రం కొత్తదైపోతుంది.

ఇంత పనిమంతురాలికీ ఒకటే జబ్బు, మొహమాటం. చొక్కా నాలుగు, ప్యాంటు అయిదు, దుప్పటి ఎనిమిది అని తొమ్మిదేళ్ల కిందట రాసిన బోర్డు అలాగే ఉంది. ఈలోగా కరెంటు బిల్లు మూడుసార్లు పెరిగింది, కొట్టు అద్దె రెండుసార్లు పెరిగింది, సబ్బు సంగతి అడక్కపోవడమే మంచిది. రేటు పెంచమని కొడుకు చెప్పాడు, తోడికోడలు చెప్పింది, ఆఖరికి అద్దె పెంచడానికొచ్చిన కొట్టు యజమాని కూడా చెప్పాడు. పిన్ని అందరికీ తలూపేది. మర్నాడు ఎవరో ఒకరు చొక్కా చంకన పెట్టుకుని "బాగున్నావా పిన్నీ" అంటూ వచ్చేసరికి నోట్లోంచి మళ్లీ నాలుగే వచ్చేది.

పిన్నికి ఒక కొడుకు, ఒక కోడలు. కొడుకు లారీ మీద తిరుగుతాడు, నెలకి పది రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. కోడలు మందుల షాపులో పనిచేసేది. పక్క సందులో మురుక్కాలువ పొంగి పొంగి, అర్జీలు రాసి రాసి, విసుగెత్తిపోయి కిందటిసారి వార్డు మెంబరుగా నిలబడింది. ముప్ఫయ్యొక్క ఓట్లతో గెలిచింది. ఆ ముప్ఫయ్యొక్కటీ తన ఇస్త్రీబల్ల మీంచి వచ్చినవేనని పిన్ని గట్టి నమ్మకం. అందులో అబద్ధం కూడా ఏమీ లేదు. ఆ ఎన్నికల నెలలో మడతపెట్టిన ప్రతి చొక్కాతో పాటు "మా అమ్మాయి నిలబడింది" అన్న మాట కూడా కట్టి ఇచ్చింది.

గెలిచాక తెలిసిన సంగతేమిటంటే, కౌన్సిల్ మెంబర్లకి జీతం లేదు. మీటింగుకి ఇంత అని ఫీజు, నెలకి రెండు మీటింగులు. మిగతా ఇరవై ఎనిమిది రోజులూ కుళాయి రాలేదనీ, వీధి దీపం వెలగలేదనీ, పింఛను ఆగిపోయిందనీ వచ్చే జనంతో తిరిగేది ఊరికే. మొదట్లో కోడలు షాపుకి పూర్తిగా వెళ్లేది, తర్వాత సగంరోజు వెళ్లింది, ఆ సగంలోనూ సగం ఫోన్లు. షాపాయన ఓపికగల మనిషే గానీ ఓపికకీ ఓ హద్దుంటుంది. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి పూర్తిగా వస్తే రా, లేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడు. పూర్తిగా వెళ్తే మెంబరు పని సాగదు. వెళ్లకపోతే ఇల్లు సాగదు. రాజీనామా కాగితం రాయడమెలాగో కోడలు ఒకర్ని అడిగి తెలుసుకుంది కూడా.

సరిగ్గా అప్పుడే కౌన్సిల్లో ఒక తీర్మానం వచ్చింది. మీటింగు ఫీజు తీసేసి మెంబర్లకి నెలజీతం ఇవ్వాలని. మొత్తం పదకొండు మందిలో అయిదుగురు సరేనన్నారు. అయిదుగురు వద్దన్నారు. వద్దన్నవాళ్లలో నలుగురికి పెద్ద పెద్ద వ్యాపారాలున్నాయి, వాళ్లకి జీతం ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే, ఎనిమిది నెలల్లో ఎన్నికలున్నాయి కాబట్టి త్యాగం చేసినట్టు కనిపిస్తే చాలు. పదకొండో చెయ్యి కోడలిది. ఓటింగు నెలాఖరున.

దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. అత్తాకోడళ్లు చెరో రెండు కొసలూ పట్టుకుని దగ్గరికొస్తూ, వెనక్కెళ్తూ మాట్లాడుకునే మాటలే ఆ ఇంట్లో అసలైన మాటలు. ఆ ఉదయం కూడా అలాగే మొదలైంది.

"నెలాఖరున చెయ్యెత్తుతావుగా?" అంది పిన్ని.

"ఎత్తను అత్తయ్యా."

పిన్ని చేతిలోంచి కొస జారబోయింది. "అదేంటి?"

"నా జీతం నేను పెంచుకోడానికి నా చెయ్యి నేనే ఎత్తాలా, అందరి ముందూ? ఏమనుకుంటారు?"

"పని చేస్తున్నావు కదే."

"చేస్తున్నాను. అడగాలంటే నోరు రావట్లేదు."

"నోటితో పనేముంది, ఎత్తాల్సింది చెయ్యే కదా."

కోడలికి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. దుప్పటి కొసలు అత్తగారి చేతికి అందిస్తూ, "మరి మీరు తొమ్మిదేళ్ల నుంచి చొక్కాకి నాలుగే ఎందుకు తీసుకుంటున్నారు?" అని అడిగింది.

"అది వేరు."

"ఏం వేరు?"

"వాళ్లంతా తెలిసినవాళ్లు."

"నాకూ తెలిసినవాళ్లే. మీకు బట్టలేసేవాళ్లే నాకు ఓట్లేశారు."

కోడలు ఇంకో దుప్పటి దులిపి కొసలందుకుంది. "సరే అత్తయ్యా, ఒక మాట. మీరు రేటు పెంచండి. మీరు పెంచితే నేను చెయ్యెత్తుతాను. మీవల్ల కాకపోతే నావల్లా కాదు, షాపుకి వెళ్లిపోతాను."

ఇదీ ఒప్పందం. పిన్ని ఆ రోజు ఒకే ప్యాంటుకి రెండుసార్లు ఇస్త్రీ చేసింది. కోడలు రాజీనామా చేస్తే మురుక్కాలువ మళ్లీ పొంగుతుందని కాదు ఆవిడ దిగులు. గెలిచిన రోజు నుంచీ ఆ పిల్ల మొహంలో ఒక వెలుగొచ్చింది. సాయంత్రం అలిసిపోయి వచ్చి, కొట్టుముందు స్టూలు మీద కూర్చుని "ఇవాళ కుళాయి వచ్చింది అత్తయ్యా" అని చెప్పేటప్పుడు ఆ మొహం చూడ్డం పిన్నికి అలవాటైపోయింది. అది పోతుందంటే ఆవిడకి ప్రాణం ఉసూరుమంది.

మర్నాడు కొత్త బోర్డు రాయించింది. చొక్కా ఆరు, ప్యాంటు ఎనిమిది, దుప్పటి పన్నెండు. అందంగా, పెద్ద అక్షరాలతో రాయించింది. తెచ్చి, పాతది తీసేసి, సరిగ్గా ఆ మేకుకే తగిలించింది. తగిలించి, రెండు అడుగులు వెనక్కి వేసి చూసుకుంది. డాక్టరుగారి పొడుగు కోటు తీసి బోర్డు ముందు వేలాడదీసింది. ఎందుకైనా మంచిదని ఆయన రెండో కోటు కూడా వేలాడదీసింది. ఇక ఆ మూడు రోజులూ బోర్డు కోట్ల వెనక, పిన్ని బల్ల వెనక, రేటు నాలుగు.

నాలుగో రోజు కోడలు కోట్లు పక్కకి జరిపి చూసింది. "ఏంటత్తయ్యా, బోర్డుకి చలేస్తోందా, రెండు కోట్లు కప్పారు?"

వెనక దొడ్లోంచి ఒక నవ్వు వినిపించింది. ఆయన మాట్లాడ్డం అరుదు గానీ నవ్వడానికి లోటేం లేదు. పిన్నికి పౌరుషం వచ్చింది. కోట్లు రెండూ తీసి అవతల పారేసింది, అంటే జాగ్రత్తగా మడతపెట్టి అవతల పెట్టింది. 

బోర్డు బయటపడిన అరగంటకి మొదటి గండం రానే వచ్చింది. ఎదురుగా గడియారాలు బాగుచేసే కొట్టుంది. ఆ పెద్దమనిషిని అందరూ గడియారాలాయన అంటారు. వీధి మొత్తంలో పిన్నిని చెల్లెమ్మా అనేది ఆయనొక్కడే. లోకంలో ప్రతివాడూ పావుగంట పనిని గంటసేపు చేస్తున్నాడని ఆయనకి గట్టి అనుమానం. ఆయన చొక్కా పట్టుకుని వచ్చి, బోర్డు చూసి, కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాడు.

"చెల్లెమ్మా, ఆరా? మహా అయితే నలభై సెకన్ల పని. దీనికి ఆరా?"

కోడలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. పిన్ని నాలుగే ఇవ్వండని అందామనుకుంది, కోడల్ని చూసి మింగేసింది. ఏదో ఒకటి అనాలి గనక, మర్యాద పోకుండా, "పోనీ మీరే చేసుకోండి అన్నయ్యగారూ. బల్ల ఊరికే ఇస్తాను" అంది.

నిజంగా మర్యాదకే అంది పాపం. ఆయన మాత్రం దాన్ని పందెంగా తీసుకున్నాడు. తొడుక్కున్న చొక్కా చేతులు పైకి మడిచి, జేబుగడియారం తీసి బల్ల చివర పెట్టుకుని, ఇస్త్రీపెట్టె అందుకున్నాడు. రెండు నిమిషాల్లో వీధి వీధంతా కొట్టు ముందుంది. ఆయన మొదట ఎదర భాగం చేశాడు. వీపు చెయ్యడానికి తిప్పేసరికి ఎదర భాగం మళ్లీ నలిగింది. మళ్లీ ఎదర చేశాడు. కుడిచేతికి ఒక గీత రావల్సిన చోట మూడు గీతలొచ్చాయి. కాలరు దగ్గరికొచ్చి కొసలు చేత్తో లాగబోయి వేళ్లు కాల్చుకున్నాడు. ఆ వేళ్లు ఊదుకుంటుండగా పెట్టె చొక్కా అంచు మీదే ఉండిపోయింది. పొగ రాగానే పిన్ని చటుక్కున అందుకుంది కాబట్టి సరిపోయింది, గోధుమరంగు మచ్చ ఒకటి మిగిలింది. అది లోపలికి దోపుకునే చోటే లెండి.

"ఎంతసేపైందండీ?" అని పోస్టుమాన్ అమాయకంగా అడిగాడు.

గడియారాలాయన అబద్ధమాడే మనిషి కాదు. "పధ్నాలుగు నిమిషాలా ఇరవై సెకన్లు" అన్నాడు. చొక్కా పిన్ని ముందు పెట్టి, జేబులోంచి ఆరు తీసి దాని పక్కన పెట్టాడు. జనం ఒకటే నవ్వు. ఆయన కూడా నవ్వేశాడు. ఆ సాయంత్రం వరకూ వచ్చినవాళ్లు ఒక్కళ్లు కూడా బేరమాడలేదు. పోస్టుమాన్ వాళ్ల నాన్నయితే, "ఇన్నాళ్లూ నాలుగే ఇస్తుంటే మాకే సిగ్గేసేది పిన్నీ" అన్నాడు. సిగ్గేస్తే ముందే చెప్పొచ్చుగా అని పిన్ని మనసులో అనుకుంది. సంతోషంలో అది కూడా మర్చిపోయింది.

ఒకచోట ఓడిన గడియారాలాయన ఇంకోచోట గెలవాలని చూశాడు. "ఇస్త్రీ అంటే పనే, ఒప్పుకున్నాను. కానీ అమ్మాయ్, మీ మెంబర్లది కూడా పనేనా? నెలకి రెండు మీటింగులు, మీటింగుకి మూడు గంటలు. ఆరు గంటలకి ఆ ఫీజు తక్కువేం కాదు. దానికి మళ్లీ నెలజీతమా?"

కోడలు తడుముకోలేదు. "మా బల్ల కూడా ఊరికే ఇస్తానండీ. రేపు నాతో రండి."

మర్నాడు పొద్దున్నే ఆయన తెల్లచొక్కా, మెరిసే బూట్లు, చేతిలో గడియారం, జేబులో చిన్న పుస్తకంతో తయారైపోయాడు. ఆరూ నలభైకి ఇద్దరూ కొట్టు ముందు నుంచి వెళ్లారు. ఆ రోజు పిన్ని ఎన్ని చొక్కాలు చేసిందో గానీ, కళ్లు మాత్రం వీధి మీదే. ఎనిమిదిన్నరకి కోడలు ఒక ముసలాయన్ని చెయ్యి పట్టుకుని నడిపిస్తూ వచ్చింది, వెనక గడియారాలాయన ముసలాయన కాగితాల సంచీ మోస్తున్నాడు. పదకొండుకి మళ్లీ కనిపించారు, ఈసారి కోడలి చుట్టూ అయిదుగురు ఆడవాళ్లు, అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు, ఆయన రాసుకోబోయి రాసుకోలేకపోతున్నాడు. ఒంటిగంటకి ఆయన బూట్లకి బురద. రెండున్నరకి ఆయన ఒక్కడే పరుగులాంటి నడకతో ఏదో ఆఫీసు మూసేలోగా అందుకోవాలని వెళ్లాడు. నాలుగింటికి ఉసూరుమంటూ తిరిగొచ్చాడు. ఆఫీసు తెరిచే ఉందట, కావల్సిన మనిషి లేడట.

అయిదూ ఇరవైకి ఇద్దరూ కొట్టు దగ్గరికి చేరారు. ఆయన స్టూలు మీద కూలబడి, పిన్ని ఇచ్చిన మంచినీళ్లు గడగడా తాగి, "రోజూ ఇంతేనా?" అన్నాడు.

"ఇవాళ కాస్త తీరికేనండీ" అంది కోడలు. "వాన లేదుగా."

ఆయన ఖాళీ గ్లాసు కింద పెట్టి, "సరే, నువ్వు చేస్తున్నావు. మీ మూడో వార్డాయన మీటింగులో నిద్రపోతాడు. ఆయనకీ ఇంతే ఇస్తారుగా?" అన్నాడు.

మూడో వార్డాయన చొక్కాలు పిన్నికి బాగా తెలుసు. వీపు మీద కుర్చీ ముడతలు తప్ప ఇంకేమీ ఉండవు. ఆ మాట పైకి అనలేదు. "నేను రేటు పెట్టింది చొక్కాకి అన్నయ్యగారూ, అది తొడుక్కున్న మనిషికి కాదు. పనికి తగ్గ జీతం పెట్టండి. ఎవర్ని కూర్చోబెట్టాలో ఓటప్పుడు చూసుకోండి" అంది. అనేశాక, ఇంత మాట తనే అన్నానా అని అటూ ఇటూ చూసుకుంది.

నెలాఖరు వచ్చింది. మధ్యాహ్నం పిన్ని కొట్టు మూసి, మొగుణ్ని వెంటబెట్టుకుని కౌన్సిల్ హాలుకి వెళ్లింది. వెనక బెంచీల మీద జనానికి చోటుంటుంది. మాట్లాడదల్చుకున్నవాళ్లకి మనిషికి మూడు నిమిషాలిస్తారు. గడియారాలాయన లేచి, చిన్న పుస్తకం తీశాడు.

"నేనొక మెంబరు పనిని ఒకరోజు కొలిచానండీ. కుళాయి దగ్గర ఇరవై రెండు నిమిషాలు. పింఛను కాగితాలకి రెండు ఆఫీసులు, గంటా యాభై. అందులో కుర్చీ లేకుండా నిలబడింది గంటా ముప్ఫై అయిదు. కాలువ దగ్గర యాభై నిమిషాలు, నా బూట్లు ఇంకా ఆరలేదు. ఇలాంటివి ఇంకా రెండు పేజీలున్నాయి, అన్నీ కలిపి పది గంటలా నలభై నిమిషాలు. దీనికి ఆమెకి వచ్చింది ఏమీ లేదు, ఎందుకంటే ఆ రోజు మీటింగు లేదు. మిగతావాళ్లని కొలవలేదు. కొలవమంటే కొలుస్తాను."

హాలంతా గొల్లున నవ్వింది. మూడో వార్డాయన మేలుకున్నాడు. గడియారాలాయన పుస్తకం మూసి మళ్లీ అందుకున్నాడు.

"జీతం ఇవ్వాల్సిందే. కానీ ఎవరి జీతం వాళ్లే పెంచుకోవడం నాకు మింగుడుపడదు. ఎనిమిది నెలల తర్వాత గెలిచి వచ్చేవాళ్ల నుంచి ఇవ్వండి. అప్పుడు మీరు చెయ్యెత్తినా మీకెవరూ వేలెత్తి చూపించరు." గడియారం చూసుకుని కూర్చున్నాడు. మూడు నిమిషాలకి రెండు సెకన్లు తక్కువ.

ఆ మాట చైర్మన్‌కి నచ్చింది. తీర్మానాన్ని అలాగే మార్చి ఓటింగుకి పెట్టారు. పిన్నికి మాత్రం గుండెలో రాయి పడింది. ఎనిమిది నెలలు. షాపాయన పెట్టిన గడువు రేపటికి. ఈ మహానుభావుడు మంచి చెయ్యబోయి కొంప ముంచాడని మనసులో తిట్టుకుంది. ఇప్పుడు చెయ్యెత్తినా కోడలికి ఈ కౌన్సిల్లో జీతమంటూ పైసా రాదు. ఎత్తి ఏం లాభం?

"అనుకూలంగా ఉన్నవాళ్లు" అని చైర్మన్ మాట పూర్తికాకముందే ఒక చెయ్యి లేచింది. మోచెయ్యి వంచి కాదు, చెవి దాకా ఎత్తి కాదు, నిటారుగా పైకి. కోడలిది. ఆ తర్వాత మిగతా అయిదూ లేచాయి. ఆరు. తీర్మానం గెలిచింది. పిన్నికి కళ్లనీళ్లు వచ్చేశాయి. తనకి వచ్చేదేమీ లేకపోయినా ఎవరో రాబోయే మనిషి కోసం చెయ్యెత్తిన పిల్ల తన కోడలని, ఆ బెంచీల మీద ఉన్న ప్రతివాళ్లకీ చెప్పాలనిపించింది. ఇద్దరికి చెప్పింది కూడా.

మెట్ల దగ్గర కోడలు కనిపించగానే చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"రేపు షాపుకి వెళ్లొద్దు."

"ఎలా కుదురుతుందత్తయ్యా? ఎనిమిది నెలలు."

"చొక్కాకి రెండు, ప్యాంటుకి మూడు, దుప్పటికి నాలుగు పెరిగాయి. ఆ పెరిగింది లేకుండానే తొమ్మిదేళ్లు బతికాం. అది నీ సగంరోజు జీతానికి సరిపోతుంది. మీ మామయ్య చేత లెక్క వేయించాను."

"సరిపోతుంది" అన్నాడు ఆయన. ఆ ఏడాది మాటల్లో అదొకటి.

కోడలు తల దించుకుంది. "మీ చేతుల కష్టమది. నేనెలా తీసుకుంటాను?"

"మొహమాటపడకు. మన ఇంట్లో ఆ జబ్బు అందరికంటే నాకే ముదిరింది, నాకే తగ్గింది. ఎనిమిది నెలల తర్వాత గెలిచి నీ జీతం నువ్వు తెచ్చుకో."

"ఓడిపోతే?"

"ఓడిపోతే ఇస్త్రీ నేర్పిస్తాను. కాలరు దగ్గర్నుంచి మొదలుపెడదాం."

కోడలు నవ్వింది. కళ్లు తుడుచుకుని, అక్కడే మెట్ల మీద నిలబడి షాపాయనకి ఫోన్ చేసింది. రేపట్నించి రావడం లేదండీ, ఏమీ అనుకోకండి, మెంబరుగానే ఉంటున్నాను అని చెప్పింది. అవతల్నించి ఆయన కాసేపు గొణిగాడు, నిట్టూర్చాడు, మంచి మనిషి పోతోందన్నాడు. తర్వాత గొంతు మారింది. ఎలాగూ మెంబరుగానే ఉంటున్నావుగా, మా షాపు ముందు వీధి దీపం వెలగక పదిహేను రోజులైంది, ఎవరికి చెప్పినా పట్టించుకోవట్లేదు, కాస్త చూడమ్మా అన్నాడు.

ఆ మాట ఫోన్లోంచి పిన్నికి కూడా వినిపించింది. నవ్వాపుకోలేక మొగుడి భుజం పట్టుకుంది. కోడలు అప్పటికే సంచీలోంచి కలం తీసి, స్తంభం నంబరెంతండీ అని అడుగుతూ అరచేతి మీద రాసుకుంటోంది.